ఛాతీ దగ్గుకు యాంటిమ్ టార్ట్ 30: సీసాలో ఏముంది, ఎలా వాడాలి, ఎక్కడ ఆగాలి

గుండెల్లో గురగురమంటోంది, ఎంత దగ్గినా కళ్ళె పైకి రావడం లేదు. ఈ మాట అనగానే హోమియో షాపాయన చెయ్యి వెళ్ళే సీసా యాంటిమోనియం టార్టారికమ్ 30. వాడుకలో యాంటిమ్ టార్ట్. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లో అమృతాంజనం పక్కన ఈ సీసా ఉండడం మామూలే. ఈ సమీక్ష ఒక కంపెనీ సరుకు గురించి కాదు. ఏ కంపెనీదైనా పేరూ, పొటెన్సీ (పేరు పక్కనుండే అంకె) ఒకటే అయితే లోపల ఉండేదీ ఒకటే.

తీర్పు ముందే చెప్పేస్తాను. ఈ మందు కఫాన్ని కరిగిస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదు. సరిగ్గా వాడితే ఒంటికి చేసే చెరుపు కూడా దాదాపు లేదు. చెరుపంతా ఈ సీసాను నమ్ముకుని ఇంట్లో కూర్చున్న రోజుల వల్ల జరుగుతుంది. అందుకే ఈ సమీక్షలో మందు కంటే గడియారం గురించి ఎక్కువ ఉంటుంది.

మూలపదార్థం పొటాషియం యాంటిమొనీ టార్ట్రేట్. పాత పేరు టార్టార్ ఎమెటిక్, అంటే వాంతి తెప్పించే ఉప్పు. ఒకప్పుడు ఇంగ్లీషు వైద్యంలోనూ దీన్ని కక్కించడానికి, కఫం తెప్పించడానికి ఇచ్చేవారు. కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరానికి సూదిమందుగా కూడా వాడారు. మోతాదు దాటితే గుండె లయను దెబ్బతీసే విషం కాబట్టి ఆ వాడకం పోయింది. ఆరోగ్యంగా ఉన్నవాడికి ఏది ఏ బాధ తెస్తుందో, అదే బాధ ఉన్న రోగికి దాన్ని బాగా పలచన చేసి ఇవ్వాలని హోమియోపతీకి ఆద్యుడైన హానిమన్ 1796లో రాసిన సూత్రం. ఆ లెక్కన వికారం, గురగుర, ఒగర్పు తెచ్చే ఈ ఉప్పు ఛాతీ దగ్గుకు మందైంది.

ఈ ఉప్పు ఆల్కహాల్‌లో కరగదు. అందుకని ముందు పాలచక్కెరతో కల్వంలో నూరి, కొన్ని మెట్ల తర్వాత నీళ్ళలోకి, అక్కణ్ణుంచి ఆల్కహాల్‌లోకి మారుస్తారు. మెట్టుమెట్టుకీ ఒక వంతు మందుకు 99 వంతులు కలిపి, గట్టిగా కుదుపుతారు. 30 అంటే ఇలా ముప్పై మెట్లు. మొత్తం పలచన 1 పక్కన 60 సున్నాలు పెడితే వచ్చే అంకె. మొదట తీసుకున్న ఉప్పు 325 గ్రాములనుకున్నా, అందులో ఉండే అణువులు 6 పక్కన 23 సున్నాలు. పన్నెండో మెట్టు దాటేసరికే ఒక్క అణువైనా మిగిలే అవకాశం చేజారిపోతుంది, ఆపైన ఇంకా పద్దెనిమిది మెట్లు. కొన్న 30 మి.లీ. సీసాలో ఉండేది ఆల్కహాల్, నీళ్ళు. దాన్ని తీపి గోళీల మీద పోసి ఇస్తే పంచదార. ఇది ఒకరి అభిప్రాయం కాదు, తయారీ పద్ధతిలోనే ఉన్న లెక్క.

మరి గవర్నమెంటు గుర్తింపు ఉంది కదా అంటారు. ఉంది. 1973లో హోమియోపతీ సెంట్రల్ కౌన్సిల్ చట్టం వచ్చింది, 2020లో దాని స్థానంలో జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. బరంపురంలో బిజూ పట్నాయక్ పేరు మీద ప్రభుత్వ హోమియో కాలేజీ, ఆసుపత్రి ఉన్నాయి. అక్కడ చదివిన డాక్టర్లకు రోగిని పరీక్షించడం తెలుసు, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో తెలుసు. షాపు కౌంటర్ దగ్గర ఆ పరీక్ష ఉండదు. ఇక మందు లైసెన్సు మాటకొస్తే, అది ఫార్మకోపియా (మందుల తయారీకి అధికారిక గ్రంథం) పద్ధతిలో తయారైందని మాత్రమే చెబుతుంది. దగ్గు తగ్గిస్తుందని పరీక్షించి తేల్చారని చెప్పదు. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య పరిశోధన మండలి 2015లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, హోమియోపతీ ఫలానా జబ్బుకు పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం ఒక్క జబ్బు విషయంలోనూ లేదని తేల్చింది.

అయినా తగ్గింది కదా, ఎలా తగ్గింది? ఈ ప్రశ్న న్యాయమైనదే. జలుబు ఛాతీలోకి దిగి వచ్చే దగ్గు మందు వేసినా వెయ్యకపోయినా సగటున 18 రోజులు ఉంటుంది. మనం మాత్రం వారంలో పోవాలనుకుంటాం. మొదటి నాలుగు రోజులు సిరప్. ఐదో రోజు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న అజిత్రోమైసిన్. తొమ్మిదో రోజున విసుగొచ్చి హోమియో. పద్నాలుగో రోజుకు దగ్గు దానంతటది జారుకుంటుంది. చివర్లో వేసిన మందుకు పేరొస్తుంది. ఇందులో హోమియోకు ఒక మంచి మాట ఇవ్వాలి. ఇలాంటి దగ్గుల్లో ఎక్కువ భాగం వైరస్‌వి, యాంటీబయాటిక్‌తో పోవు. కళ్ళె పసుపుగానో పచ్చగానో ఉన్నంత మాత్రాన యాంటీబయాటిక్ పడాలని లేదు. తీపి గోళీలు ఇచ్చి ఓపిక పట్టిన ఇంట్లో పిల్లల ఒంట్లోకి అక్కర్లేని మందు వెళ్ళలేదంటే అది లాభమే. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషం కలిసిన దగ్గు సిరప్‌తో పిల్లలు పోయాక, ఐదేళ్ళలోపు పిల్లలకు మామూలుగా దగ్గు సిరప్‌లు సిఫారసు చెయ్యరని, రెండేళ్ళలోపు వాళ్ళకైతే రాయనే కూడదని కేంద్ర ఆరోగ్య శాఖ అక్టోబరులో చెప్పింది. ఆ భయంతో హోమియో వైపు వచ్చిన తల్లులను తప్పు పట్టలేం.

కొనేటప్పుడు సీసాను వెలుతురులో తిప్పి చూడండి. లేబుల్ మీద మందు పేరు, పొటెన్సీ, హోమియోపతిక్ మెడిసిన్ అన్న మాట, తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఆల్కహాల్ శాతం ఉండాలి. ఆల్కహాల్ 12 శాతం దాటిన హోమియో మందును చిల్లరగా 30 మి.లీ. మించిన సీసాలో అమ్మకూడదన్నది మన డ్రగ్స్ రూల్. ఆసుపత్రులకు మాత్రమే 100 మి.లీ. దాకా వెసులుబాటు. పెద్ద సీసాలోంచి వంపి, పేరు రాయని డ్రామ్ సీసాలో పోసి ఇచ్చే చోట కొనకండి. అందులో ఏది పోశారో రేపు ఆసుపత్రిలో అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. తెల్ల పొడి పొట్లాలతో ఇంకా జాగ్రత్త. ఏళ్ళ నాటి ఆయాసం రెండు పూటల్లో మంత్రమేసినట్టు తగ్గిందంటే సంతోషించే ముందు అనుమానపడాలి. లేబుల్ లేని పొడుల్లో స్టీరాయిడ్ కలిపి ఇవ్వడం కొత్త మోసం కాదు. మొహం ఉబ్బడం, ఆకలి విపరీతంగా పెరగడం, షుగర్ ఎగబాకడం దానికి గుర్తులు. అలాంటి పొడి నెలల తరబడి వాడి ఉంటే ఉన్నట్టుండి ఆపకండి, పొట్లంతో సహా డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇంట్లో వాడకం సంగతి. పెద్దలకు షాపుల్లో చెప్పేది పూటకు నాలుగు గోళీలు లేదా ఐదు చుక్కలు, రోజుకు మూడు నాలుగు సార్లు. చుక్కలు నేరుగా నాలుక మీద వెయ్యకండి. డైల్యూషన్‌లో, అంటే ఈ చుక్కల మందులో, ఆల్కహాల్ తొంభై శాతం దాకా ఉంటుంది, నాలుక మండుతుంది, పిల్లలైతే ఉక్కిరిబిక్కిరై దగ్గు ఇంకా పెంచుకుంటారు. రెండు మూడు చెంచాల నీళ్ళలో కలిపి ఇవ్వండి. ఐదు చుక్కలంటే పావు మి.లీ. మాత్రమే, పెద్దవాళ్ళకు ఆ ఆల్కహాల్ లెక్కలోకి రాదు. దగ్గు సిరప్ రూపంలో వచ్చే హోమియో మందుల లెక్క వేరు. ఆల్కహాల్ పది శాతం ఉన్న సిరప్ పది మి.లీ. తాగితే ఒక మి.లీ. ఆల్కహాల్ కడుపులోకి పోయినట్టే, మూడు పూటలకు మూడు మి.లీ. పోతుంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్ళు, తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ తీసుకుంటున్నవాళ్ళు అలాంటి సిరప్ ముట్టకూడదు. షుగర్ ఉన్నవాళ్ళకు నాలుగు గోళీల పంచదార ఏమంత కాదు, సిరప్‌తోనే జాగ్రత్త. గోళీలను వానాకాలంలో తడి చేత్తో తీస్తే ముద్దకడతాయి. మూతలోకి వంచుకుని, మూతతోనే నోట్లో వేసుకోవాలి. పసిపిల్లలకు గోళీ అలాగే నోట్లో పెట్టకుండా చెంచా నీళ్ళలో కరిగించాలి.

కాఫీ తాగకూడదు, ఉల్లి తినకూడదు, కర్పూరం వాసన తగలకూడదు లాంటి పత్యాల జోలికి వెళ్ళను, పాటించినా నష్టం లేదు. రెండు నమ్మకాలతో మాత్రం ప్రాణం మీదికొస్తుంది. మొదటిది, హోమియో వాడుతుంటే ఇంగ్లీషు మందు ఆపాలన్నది. ఉబ్బసానికి పీల్చే ఇన్‌హేలర్, టీబీ మాత్రలు, బీపీ, షుగర్ మందులు ఏ గోళీ కోసమూ ఆపకూడదు. రెండోది, మందు పనిచేసే ముందు జబ్బు కాస్త పెరుగుతుందన్నది. ఛాతీ దగ్గులో ఒగర్పు పెరిగిందంటే జబ్బు ముదిరిందనే అర్థం. దాన్ని మంచి గుర్తుగా చదవడం వల్ల పోయే ఒక్క రాత్రి చాలా ఖరీదైనది.

హోమియో పుస్తకాలు యాంటిమ్ టార్ట్‌కు చెప్పే లక్షణాలు ఒకసారి వరసగా చదవండి. ఛాతీ నిండా గురగుర, దగ్గే ఓపిక లేక కఫం రాకపోవడం, మగతగా పడి ఉండడం, మొహం పాలిపోవడం, చల్లని చెమట, ముక్కుపుటాలు ఎగరడం, పడుకోలేక లేచి కూర్చోవడం, పెదాలు నీలంగా మారడం. ఇవే లక్షణాలు పిల్లల డాక్టరుకు చెబితే ఆయన ఆక్సిజన్ సిద్ధం చెయ్యమంటాడు. ఇది న్యుమోనియా ముదిరిన మనిషి రూపం. ఆ పుస్తకాలు రాసిన కాలంలో ఆక్సిజన్ మామూలు రోగికి అందేది కాదు, పెన్సిలిన్ లేదు, చెయ్యగలిగింది చాలా తక్కువ. ఇప్పుడు అవన్నీ ఉన్నాయి. లక్షణాలు ఎంత చక్కగా ఈ మందుకు కుదిరితే రోగికి అంత అర్జంటుగా ఆసుపత్రి కావాలి. ఈ సీసా గురించి ఒక్క సంగతే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి. గురగుర ఉన్నా తింటూ, ఆడుతూ, రాత్రి నిద్రపోతున్న పిల్లకు మీరు గోళీలు ఇచ్చి చూసుకోవచ్చు. మగత ఉన్న పిల్లకు ఇంట్లో ఏదీ ఇవ్వకూడదు.

తేడా కనిపెట్టడానికి ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకోవాలి. బిడ్డ నిద్రపోతున్నప్పుడో, నిమ్మళంగా ఒళ్ళో ఉన్నప్పుడో చొక్కా పైకెత్తి పొట్ట మీద చూపు పెట్టండి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్కపెడితే తప్పు వస్తుంది. ఫోన్లో నిమిషం టైమర్ పెట్టండి. పొట్ట పైకి లేచి కిందికి దిగితే ఒకటి. పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టాలి. పసిపిల్లల ఊపిరి ఒకే తీరుగా ఉండదు, పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే మోసపోతాం. రెండు నెలలలోపు పాపకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, ఐదేళ్ళలోపు 40, ఆ అంకెను చేరినా దాటినా అది వేగమైన ఊపిరి. ఒకసారి ఎక్కువ వస్తే కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టండి, రెండోసారీ అలాగే ఉంటే ఆ పూటే బయలుదేరండి. అంకె తక్కువ వచ్చినా, ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతుంటే, పాలు పట్టకపోతుంటే, తాగిందంతా కక్కుతుంటే, ఫిట్స్ వస్తే లెక్కతో పనిలేదు, 108కి ఫోన్ చెయ్యండి. ఒడియా అంతగా రానివాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు: ‘నిశ్వాస నేబాకు కష్ట హేఉఛి’, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది అని. పెద్దవాళ్ళకు ఆక్సీమీటర్ ఉంటే 94 కిందికి దిగిన రోజే డాక్టరుకు చూపించాలి, 90 కిందికైతే ఆలోచించే పని లేదు. వేలు చల్లగా ఉంటే తప్పు అంకె చూపిస్తుంది, చెయ్యి రుద్ది వెచ్చబరిచి పెట్టండి. డెబ్బై దాటినవాళ్ళకు న్యుమోనియా వచ్చినా జ్వరం రాకపోవచ్చు. ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం, అన్నం మానేయడం వాళ్ళల్లో జ్వరంతో సమానం.

ఈ సరిహద్దు జిల్లాల్లో ఇంకో మూడు సంగతులున్నాయి, కౌంటరు దగ్గర ఎవరూ అడగరు. రాయగడ, కొరాపుట్, గజపతి కొండ ప్రాంతాల్లో మలేరియా ఉంది. దగ్గుతో పాటు జ్వరం ఉంటే ఆశా దీదీ దగ్గర వేలి రక్తంతో కిట్ పరీక్ష చేయించుకోవాలి, అక్కడికక్కడే తెలుస్తుంది. మలేరియా వచ్చిన పిల్లలకు కూడా ఊపిరి వేగంగా ఆడుతుంది. రెండోది సికిల్ సెల్, పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు. ఆ జబ్బు ఉన్న మనిషికి దగ్గు, జ్వరం, ఛాతీనొప్పి కలిసి వస్తే అది మామూలు దగ్గు కాదు, గంటల్లో ముదురుతుంది, నేరుగా పెద్దాసుపత్రికే వెళ్ళాలి. మూడోది టీబీ. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా కళ్ళె పరీక్ష చెయ్యాల్సిందే. సర్కారు ఆసుపత్రిలో పరీక్ష, మందులు రెండూ ఉచితం. తిండి ఖర్చుకు నిక్షయ్ పోషణ్ కింద నెలకు వెయ్యి రూపాయలు కూడా వస్తాయి. కళ్ళెలో నెత్తురు చార కనిపిస్తే రెండు వారాలు ఆగక్కర్లేదు, మర్నాడే వెళ్ళండి.

ఇదే పేరుతో దొరికే ఇంకో రకం గురించి హెచ్చరిక. 3ఎక్స్ అని రాసి ఉన్న మాత్రలు 30తో సమానం కావు. 3ఎక్స్ అంటే వెయ్యిలో ఒక వంతు. వంద మిల్లీగ్రాముల మాత్రలో వంద మైక్రోగ్రాముల యాంటిమొనీ ఉప్పు నిజంగానే ఉంటుంది. అంకె చిన్నది కదా, తేలిక మందేమో అనుకుని పిల్లలకు వేస్తుంటారు. హోమియోలో అంకె చిన్నదైతే పదార్థం ఎక్కువ. గర్భిణులకు, పిల్లలకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఆ మాత్రలు సొంతంగా ఇవ్వకండి. అలాగే క్యూ అని రాసి ఉండే మదర్ టింక్చర్లలో అసలు మొక్క సారం ఉంటుంది. దగ్గుకు అమ్మే జస్టీషియా అధటోడా క్యూ మన అడ్డసరమే. అందులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే ఇంగ్లీషు సిరప్‌లలోని బ్రోమ్‌హెక్సిన్ తయారైంది. కాబట్టి అడ్డసరానికి కఫం మీద పని చేసే గుణం ఉందనడం వట్టి మాట కాదు. కానీ వాసిసిన్ గర్భసంచిని ముడుచుకునేలా చేస్తుంది, గర్భిణులు అడ్డసరాన్ని ఏ రూపంలోనూ తీసుకోకూడదు.

కఫం నిజంగా బయటికి రావాలంటే చెయ్యాల్సినవి చవకైనవే. ఏడాది దాటిన పిల్లలకు పడుకునే ముందు అర చెంచా నుంచి చెంచా తేనె దగ్గును కొంత తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. ఏడాదిలోపు పిల్లలకు తేనె నాకించకూడదు. బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు, కొండ తేనె అయినా అంతే. పెద్దవాళ్ళు కఫం దించే పద్ధతి ఒకటుంది. నిటారుగా కూర్చుని నెమ్మదిగా మూడు నాలుగు ఊపిర్లు పొట్ట నిండా తీసుకోవాలి. తర్వాత ఒక పెద్ద ఊపిరి తీసుకుని రెండు మూడు సెకన్లు ఆపాలి. నోరు గుండ్రంగా తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు ‘హా’ అంటూ గాలిని వేగంగా వదలాలి. రెండు మూడు సార్లు అలా చేస్తే కింద అంటుకున్న కళ్ళె గొంతు దాకా వస్తుంది, అప్పుడు ఒక్కసారి దగ్గితే చాలు. మొదటే గట్టిగా దగ్గడం మొదలుపెడితే గాలిగొట్టాలు ముడుచుకుపోయి కళ్ళె అక్కడే ఉండిపోతుంది, మనిషి అలిసిపోతాడు. డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరప్‌లు దగ్గును అణిచేస్తాయి. కఫం దగ్గుకు అవి తగవు. పిల్లలకు గిన్నెలో మరిగే నీళ్ళతో ఆవిరి పట్టొద్దు, గిన్నె ఒరిగి ఒళ్ళు కాలిపోతుంది. చలికాలం కట్టెల పొయ్యి ఉన్న గదిలో పిల్లను పడుకోబెడితే ఏ మందూ నిలబడదు. ఆ పొగ ఒక్కటి తప్పించండి.

ఇంత తెలిసీ సీసా కొనదలిస్తే కొనండి. ఇంటికి తెచ్చాక మొదటి గోళీ వేసే ముందు ఒక పెన్ను తీసుకుని, లేబుల్ పక్కన ఖాళీ చోట దగ్గు మొదలైన తేదీ రాయండి. మందు మొదలుపెట్టిన తేదీ కాదు, దగ్గు మొదలైన తేదీ. దాని కింద పద్నాలుగు రోజులు కలిపి ఇంకో తేదీ రాయండి. ఆ రెండో తేదీ నాటికి దగ్గు పోకపోతే, సీసాలో ఎన్ని చుక్కలు మిగిలి ఉన్నా, కళ్ళె డబ్బా కోసం సర్కారు ఆసుపత్రికి వెళ్ళండి. ఉదయం లేవగానే వచ్చే మొదటి కళ్ళె పట్టాలి. ముందు నీళ్ళతో నోరు పుక్కిలించి, లోపలి నుంచి దగ్గి తెచ్చింది డబ్బాలో వేసి మూత బిగించండి. ఉమ్మి మాత్రం పడితే పరీక్షకు పనికిరాదు.